పట్టాలు పోయినా కట్ట మిగలాలి

సైకిల్ పర్యాటకం అనగానే మన దగ్గర చాలామందికి రెండు దృశ్యాలు తోస్తాయి. ఒకటి, తెల్లవారకముందే హెల్మెట్ పెట్టుకుని హైవే అంచున దూసుకుపోయే ఐటీ ఉద్యోగుల గుంపు. రెండు, ఏ గోవాలోనో అద్దె సైకిలెక్కి ఫొటోలు దిగే కొత్త జంట. ఐరోపా, అమెరికా, న్యూజిలాండ్, తైవాన్ దేశాల్లో గత యాభై అరవై ఏళ్లలో పెరిగినది ఈ రెండింటికీ పెద్దగా పోలని వ్యవహారం. రైళ్లు ఆగిపోయిన కట్టలు, పడవలు తిరగడం మానేసిన కాలవ గట్లు అక్కడ మోటారు బండ్లు రాని పొడవాటి బాటలుగా మారాయి. వాటినే గ్రీన్‌వేలు అంటున్నారు. ఏడేళ్ల పిల్లలూ డెబ్బై ఏళ్ల పెద్దలూ వాటిమీద భయం లేకుండా సైకిల్ తొక్కుతారు, నడుస్తారు, చక్రాల కుర్చీల్లో వెళ్తారు. రైలు పోయాక వెలవెలబోయిన చిన్న ఊళ్లు కొన్ని ఈ బాటల పుణ్యమా అని మళ్లీ పూటకూళ్లు, బస గదులు నడుపుకుంటున్నాయి.

ఈ బాటల గురించి వచ్చే ప్రచారంలో ప్రతిదీ విజయగాథే. ప్రతి ఊరూ బాగుపడినట్టే, ప్రతి వంతెనా బతికినట్టే కనిపిస్తుంది. నిజంగా ఒక ప్రాంతానికి వీటివల్ల ఎంత ఒరిగింది? పాత కట్టడాలను ఇవి కాపాడాయా, తారు పూసి కప్పెట్టాయా? మనం నేర్చుకోదగ్గది ఏమిటి? ఇన్ని దేశాల అనుభవాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి గట్టిగా తేలుతుంది. గ్రీన్‌వే భవిష్యత్తు సైకిళ్ల సంఖ్యతోనో, బాట నాణ్యతతోనో మొదలవడం లేదు. రైలు ఆగిన నాడు ఆ నేల ఎవరి చేతికి వెళ్లిందో అక్కడే సగం తేలిపోతోంది.

రైలు వదిలిన నేల

అమెరికాలో రైలు మార్గాలు 1916 నాటికి గరిష్ఠంగా నాలుగు లక్షల కిలోమీటర్లు దాటాయి. ఆ తర్వాత లారీలు, కార్లు, విమానాలు రైలును మింగుతూ వచ్చాయి. విస్కాన్సిన్ రాష్ట్రం 1965లో ఎల్రాయ్, స్పార్టా ఊళ్ల మధ్య మూతపడిన లైనును కొని, రెండేళ్లలో నడక, సైకిల్ బాటగా తెరిచింది. సుమారు 51 కిలోమీటర్ల ఆ బాటలో మూడు సొరంగాలున్నాయి. తర్వాత వచ్చిన వందలాది బాటలకు అదే నమూనా. 1986లో ఈ పనికే అంకితమైన రైల్స్ టు ట్రెయిల్స్ కన్జర్వెన్సీ అనే సంస్థ ఏర్పడింది.

బ్రిటన్‌లో దెబ్బ ఒక్కసారిగా పడింది. 1963 నాటి బీచింగ్ నివేదిక వేల కిలోమీటర్ల లైన్లను, 2,300కు పైగా స్టేషన్లను మూసేయమంది. నేల ముక్కలు ముక్కలుగా అమ్ముడైంది. కొన్నిచోట్ల ఇళ్లు లేచాయి, కొన్నిచోట్ల కట్టలు పొలాల్లో కలిసిపోయాయి. మిగిలిన వాటిలో బ్రిస్టల్, బాత్ నగరాల మధ్య 21 కిలోమీటర్ల లైనును 1977లో పుట్టిన సైకిల్‌బ్యాగ్ అనే స్థానిక బృందం పట్టుకుంది. వాలంటీర్ల సాయంతో 1979 నుంచి 1986 దాకా దశలవారీగా బాట వేసింది. సస్ట్రాన్స్ పేరుతో దేశమంతా తెలిసిన సంస్థ అందులోంచే ఎదిగింది.

ఈ ఆలోచనను దేశస్థాయి కార్యక్రమంగా మలచినది స్పెయిన్. 1993లో అక్కడ వాడకం లేని లైన్ల లెక్క తీస్తే ఏడు వేల కిలోమీటర్లకు పైగా తేలాయి. వాటి వెంట తొమ్మిది వందలకు పైగా స్టేషన్లు, అయిదు వందల సొరంగాలు, వెయ్యికి పైగా వంతెనలు ఉన్నాయి. స్పానిష్ రైల్వేల ఫౌండేషన్ చేతికి వాటి సమన్వయం అప్పగించి, 'వియాస్ వెర్దేస్' అనే ఒకే పేరు కింద బాటలుగా మార్చుతూ వచ్చారు. ఇవాళ మూడు వేల కిలోమీటర్లకు పైగా వాడకంలో ఉన్నాయి. అన్నిటికీ ఒకే గుర్తు, ఒకే తరహా బోర్డులు. 1998లో బెల్జియంలోని నామూర్‌లో ఐరోపా గ్రీన్‌వేల సంఘం ఏర్పడింది. 2000లో లీల్ నగరంలో చేసిన ప్రకటన గ్రీన్‌వే అంటే ఏమిటో నిర్వచించింది. మోటారు వాహనాలు రాకూడదు, వెడల్పు, వాలు, ఉపరితలం అన్ని వయసుల, అన్ని శక్తుల వాళ్లకూ అనువుగా ఉండాలి, కాలవ గట్లనూ పాత రైలు కట్టలనూ వాడుకోవడం మేలు అన్నది దాని సారం.

కట్టలకే ఇంత మొగ్గు ఎందుకు? రైలింజను ఏటవాలు ఎక్కలేదు. అందుకే పాతకాలపు ఇంజనీర్లు లోయలుంటే వంతెన వేశారు, కొండ అడ్డొస్తే తొలిచారు, పల్లమైతే మట్టి పోసి కట్ట లేపారు. నూరు మీటర్లకు రెండు మూడు మీటర్లకు మించని ఎత్తుతో వందల కిలోమీటర్లు సాగే నేల ఏ పర్వతప్రాంతంలోనూ ఊరికే దొరకదు. ఆవిరి యంత్రం కోసం పెట్టిన ఆ ఖర్చు ఇవాళ మోకాళ్ల నొప్పులున్న సైకిలిస్టుకు అక్కరకొస్తోంది. కాలవ గట్టు సంగతీ ఇంతే. నీరు పారాలంటే నేల దాదాపు చదునుగా ఉండాలి, పడవను తాడుతో లాగే మనిషికో గుర్రానికో గట్టు మీద తెగని దారి కావాలి.

డబ్బు లెక్కల్లో పైకీ లోపలికీ తేడా

2012లో ఐరోపా పార్లమెంటు కోసం చేసిన అధ్యయనం ఖండమంతా కలిపి సైకిల్ పర్యాటకం విలువను ఏడాదికి సుమారు 4,400 కోట్ల యూరోలుగా అంచనా కట్టింది. ప్రతి ప్రభుత్వ నివేదికా ఈ అంకెనే తలకెత్తుకుంటుంది. లోపలికి వెళ్తే అసలు విషయం కనిపిస్తుంది. మొత్తం 230 కోట్ల విహారాల్లో రాత్రి బస చేసినవి రెండు కోట్లే, అంటే నూటికి ఒకటి కూడా లేవు. కానీ ఖర్చులో అయిదో వంతు వాళ్లదే. పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లేవాళ్లు ఒక విహారానికి సగటున 15 యూరోలు ఖర్చు పెడితే, బస చేసేవాళ్లు 440 యూరోల దాకా పెడుతున్నారు. ఒక ప్రాంతం సైకిల్ బాట మీద ఆశ పెట్టుకుంటే, ఆ ఆశ నిజానికి రాత్రి అక్కడ పడుకునే మనిషి మీద.

ఈ పాఠాన్ని బాగా ఒంటబట్టించుకున్నది న్యూజిలాండ్‌లోని ఒటాగో. బంగారం వేట నాటి లోతట్టు ప్రాంతానికి వేసిన రైలు 1907లో క్లైడ్ చేరింది, 1990లో ఆగిపోయింది. నేలను ప్రకృతి పరిరక్షణ శాఖ 1993లో కొనేసింది. 2000లో మిడిల్‌మార్చ్ నుంచి క్లైడ్ దాకా 152 కిలోమీటర్ల బాట పూర్తిగా తెరుచుకుంది. ఎవరూ దాన్ని ఒక్క రోజులో తొక్కరు. మూడు నాలుగు రోజులు పడుతుంది కాబట్టి ప్రతి ఇరవై ముప్ఫై కిలోమీటర్లకు ఒక బస, ఒక భోజనం, ఒక సామాన్ల వ్యాను అవసరమయ్యాయి. గొర్రెల పెంపకం తప్ప వేరే ఆదాయం లేని పల్లెల్లో రైతులు మొదట్లో అనుమానపడ్డారు. తర్వాత చాలామంది తమ పాత ఇళ్లను బస గదులుగా మార్చుకున్నారు. ఈ ఫలితం చూసే 2009లో అప్పటి ప్రధాని జాన్ కీ ప్రభుత్వం 5 కోట్ల న్యూజిలాండ్ డాలర్లతో దేశవ్యాప్త సైకిల్ బాటల పథకం మొదలుపెట్టింది.

ఐర్లండ్‌లో మేయో జిల్లా లెక్క ఇంకా ఆకర్షణీయంగా కనిపిస్తుంది. వెస్ట్‌పోర్ట్ నుంచి అకిల్ దీవి దాకా 42 కిలోమీటర్ల గ్రేట్ వెస్టర్న్ గ్రీన్‌వే 2011లో పూర్తయింది. కట్టడానికి 57 లక్షల యూరోలు అయితే, ఆ ఏడాదే అక్కడికి వచ్చినవాళ్లు 72 లక్షల యూరోలు ఖర్చు పెట్టారని అంచనా వేశారు. పెట్టుబడి ఏడాదిలో తిరిగొచ్చిందని పత్రికలు రాశాయి. ఇక్కడ ఆగి ఆలోచించాలి. సందర్శకుల ఖర్చు, పెట్టుబడి పెట్టిన ప్రభుత్వానికి వచ్చే రాబడి ఒకటి కావు. ఆ మొత్తంలో స్థానికులు పెట్టిన ఖర్చూ ఉంటుంది. ఆదివారం ఈ బాట మీద కాఫీ తాగిన కుటుంబం, బాట లేకపోతే పక్క ఊళ్లో తాగి ఉండేది. ప్రాంతానికి కొత్తగా చేరిన డబ్బు ఎంత, జేబు మారిన డబ్బు ఎంత అని విడదీయకుండా చెప్పే అంకెలను జాగ్రత్తగా తీసుకోవాలి. కొత్త బాటకు మొదటి ఏడాది వచ్చే జనం పదో ఏట కూడా వస్తారన్న హామీ కూడా ఉండదు.

అమెరికాలో పిట్స్‌బర్గ్ నుంచి కంబర్‌లాండ్ దాకా 240 కిలోమీటర్లు సాగే గ్రేట్ అలిగేనీ పాసేజ్ మరో రకం పాఠం చెబుతుంది. అది 2013లో పూర్తయింది. కంబర్‌లాండ్ దగ్గర పాత చెసపీక్–ఒహాయో కాలవ గట్టుతో కలిసి వాషింగ్టన్ దాకా 530 కిలోమీటర్లకు పైగా తెగని దారి అయింది. 2019లో దీని ఆర్థిక ప్రభావం 12 కోట్ల డాలర్లు దాటిందని లెక్క. ఉక్కు, బొగ్గు పోయి చితికిన ఊళ్లు అవి. బాట ఊరి పక్కనుంచి పోయినంత మాత్రాన సైకిలిస్టు ఊళ్లోకి రాడని వాళ్లు త్వరగానే గ్రహించారు. 2007 నుంచి 'ట్రెయిల్ టౌన్' పేరుతో ఊరూరా పని మొదలుపెట్టారు. బాట నుంచి బజారుకు దారి చూపే బోర్డు ఉందా, సైకిల్ కట్టేసుకునే చోటుందా, ఆదివారం హోటల్ తెరుస్తున్నారా లాంటి చిన్న ప్రశ్నలతో. ఊరు తయారుగా లేకపోతే జనం బాట మీద వస్తారు, బాట మీదే వెళ్లిపోతారు.

కథ వినిపించే రాళ్లు

వారసత్వం విషయంలో గ్రీన్‌వే చేసే మేలు ముందుగా చాలా సాదాది. వాడకంలో ఉన్న కట్టడం నిలుస్తుంది. ఎవరూ నడవని వంతెనకు మరమ్మతు డబ్బు ఎవరూ అడగరు.

స్పెయిన్ దక్షిణాన ఓల్వెరా, ప్యూర్తో సెరానో ఊళ్ల మధ్య 36 కిలోమీటర్ల వియా వెర్దే దె లా సియెరా ఇందుకు వింతైన ఉదాహరణ. 1920లలో మొదలుపెట్టిన ఆ లైనుకు ముప్ఫై సొరంగాలు తొలిచారు, నాలుగు పెద్ద వంతెనలు కట్టారు, స్టేషన్లు లేపారు. తర్వాత అంతర్యుద్ధం వచ్చింది, డబ్బు అయిపోయింది. ఆ మార్గంలో ఒక్క రైలూ నడవలేదు. ఎప్పుడూ టికెట్ అమ్మని స్టేషన్లు ఇవాళ బసలు, భోజనశాలలు అయ్యాయి. జాఫ్రమగోన్ స్టేషన్‌లో రాబందులను చూపించే కేంద్రం పెట్టారు, ఎందుకంటే పక్కనున్న కొండ చరియ మీద గ్రిఫన్ రాబందుల పెద్ద స్థావరం ఉంది. రైల్వే చరిత్ర, ప్రకృతి, ఊరి తిండి ఒకే బాటకు కలిశాయి.

బాట వెంట నడిచే చరిత్ర ఎప్పుడూ ఆహ్లాదంగా ఉండదు. మేయోలో పదిహేడో శతాబ్దపు బ్రయన్ రువా చెప్పాడంటూ ఒక జోస్యం ప్రచారంలో ఉంది. ఇనుప చక్రాల బండ్లు పొగ కక్కుతూ అకిల్‌కు వస్తాయనీ, మొదటి బండీ ఆఖరి బండీ శవాలనే మోస్తాయనీ. 1894లో స్కాట్లాండ్‌కు కూలి పనికి బయలుదేరిన అకిల్ యువతీ యువకులు 32 మంది క్లూ అఖాతంలో పడవ తిరగబడి చనిపోయారు. అప్పటికి లైను అధికారికంగా తెరవనే లేదు, అయినా వాళ్లను ఇంటికి చేర్చడానికి రైలు నడిపారు. 1937లో లైను మూసేసే రోజుల్లో స్కాట్లాండ్‌లోని కిర్కింటిలాక్‌లో బస చేసిన పాకకు నిప్పంటుకుని పదిమంది అకిల్ కుర్రాళ్లు చనిపోతే, వాళ్ల దేహాలూ రైల్లోనే వచ్చాయి. జోస్యాన్ని నమ్మడం నమ్మకపోవడం ఎవరిష్టం వారిది. ఆ లైను వలస కూలీల లైను అన్నది మాత్రం చరిత్ర. పాలమూరు, శ్రీకాకుళం రైళ్లను తెలిసిన మనకు దాన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. సముద్రం అందాలు చూపించి ఈ సంగతి దాచే బోర్డులు ప్రాంతానికి న్యాయం చేసినట్టు కాదు.

బెల్జియం, జర్మనీ సరిహద్దులో వెన్‌బాన్ అనే బాట ఉంది, సుమారు 125 కిలోమీటర్లు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత వెర్సాయ్ ఒప్పందం ఆ రైలు కట్టను బెల్జియానికి ఇచ్చింది. దాంతో కట్టకు పడమర ఉన్న కొన్ని జర్మన్ పల్లెలు నాలుగు వైపులా బెల్జియం నేల మధ్య చిక్కుకున్నాయి. పట్టాలు పోయాయి, బాట వచ్చింది, సరిహద్దు మాత్రం ఇప్పటికీ అలాగే ఉంది. బెర్లిన్ గోడ ఆనవాలు వెంట 160 కిలోమీటర్ల బాట, ఇనుప తెర సరిహద్దు పొడవునా దాదాపు పది వేల కిలోమీటర్ల యూరోవేలో 13 కూడా ఇలాంటివే. గైడు పుస్తకం చెప్పలేనిది కాళ్లకు తెలుస్తుంది.

ఇందుకు ఎదురువాదం కూడా బలమైనదే. బాట వేయడం అంటేనే ఎంతో కొంత చెరపడం. ఐర్లండ్‌లో బారో నది వెంట పడవలు లాగిన పచ్చిక గట్టు మీద గట్టి ఉపరితలం వేయాలన్న ప్రతిపాదనకు కార్లో జిల్లాలో తీవ్ర వ్యతిరేకత వచ్చింది, అక్కడి భాగానికి అనుమతి రాలేదు. ఆ పచ్చికే తమ వారసత్వం అన్నది స్థానికుల వాదన. ఇంగ్లండ్‌లో మాన్సల్ లోయ కథ ఇంకో మలుపు. 1860లలో అక్కడ రైలు వంతెన కట్టినప్పుడు లోయ అందం పాడైందని కళా విమర్శకుడు జాన్ రస్కిన్ మండిపడ్డాడు. 1968లో రైలు ఆగింది. 1970లో అదే వంతెనను రక్షిత కట్టడంగా నమోదు చేశారు. 2011లో పాత సొరంగాలు తెరిచి మాన్సల్ ట్రెయిల్‌లో కలిపారు. ఇప్పుడు అక్కడ మళ్లీ రైలు నడపాలని ఒక వర్గం, బాటను కదపొద్దని మరో వర్గం వాదించుకుంటున్నాయి. ఒక తరం గాయమన్నదాన్ని ఇంకో తరం ఆస్తి అంటుంది. అందుకే ఏ మార్పు చేసినా వెనక్కి తీసుకోగలిగేలా చేయడం తెలివైన పని.

నేల ఎవరిది?

ఇక అసలు చిక్కుముడి. పొడవాటి సన్నని నేలకు ఒక స్వభావం ఉంది. పంచెలో మధ్య గజం కత్తిరిస్తే మిగిలేవి రెండు తువ్వాళ్లే. ఊరి మధ్య ఒక్క ఫర్లాంగు అమ్ముడైతే ఎనభై కిలోమీటర్ల కట్ట రెండు దిక్కులేని ముక్కలవుతుంది.

అమెరికా దీన్ని 1983లో గుర్తించింది. జాతీయ బాటల చట్టానికి సవరణ చేసి, లైను వదిలేయాలనుకున్న రైలు కంపెనీ నేలను ముక్కలు చేయకుండా మరో సంస్థకు తాత్కాలికంగా బాట కోసం అప్పగించే వీలు కల్పించింది. భవిష్యత్తులో రైలు కావాలంటే తిరిగి తీసుకోవచ్చు. దీన్ని రైల్‌బ్యాంకింగ్ అంటారు. పక్క భూముల యజమానులు కోర్టుకెక్కారు. 1990లో ప్రిసాల్ట్ కేసులో సుప్రీంకోర్టు చట్టం చెల్లుతుందని చెప్పింది, నష్టపరిహారం అడిగే హక్కు మాత్రం మిగిల్చింది. 2014లో వ్యోమింగ్‌కు చెందిన బ్రాంట్ కేసులో 8–1 మెజారిటీతో తీర్పు భూయజమాని వైపు వచ్చింది, ఎందుకంటే అక్కడ రైలుకు దక్కింది దారి హక్కే తప్ప నేల కాదని తేలింది. రైలు కట్టేనాడు కాగితం మీద ఏం రాసుకున్నారో అది వందేళ్ల తర్వాత బాట బతుకును తేల్చింది.

ఐర్లండ్‌లో ఒకే దేశంలో రెండు దారులు కనిపిస్తాయి. మేయో కట్ట 1937 తర్వాత రైతుల పొలాల్లో కలిసిపోయింది. కాబట్టి అక్కడ ప్రతి రైతునూ ఒప్పించి, వారి దయ మీద నడిచే అనుమతి బాట వేశారు. అది సాధ్యమవడం జిల్లా కౌన్సిల్ ఓర్పుకు, రైతుల పెద్దమనసుకు నిదర్శనం. వాటర్‌ఫర్డ్‌లో కట్ట రైల్వే సంస్థ చేతిలోనే ఉండిపోయింది. అక్కడ పదకొండు వంతెనలు, మూడు వయాడక్టులు, 400 మీటర్ల సొరంగంతో 46 కిలోమీటర్ల బాట 2017లో తెరుచుకుంది. మరోచోట రైతుల నేలను నిర్బంధంగా సేకరించాలని చూసినప్పుడు ఊళ్లు రెండుగా చీలాయి.

మన వాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్న ఉత్తర వర్జీనియా దీనికి మంచి సాక్ష్యం. ఆష్‌బర్న్, హెర్న్‌డన్‌ల మీదుగా వెళ్లే వాషింగ్టన్ అండ్ ఓల్డ్ డొమీనియన్ బాట 72 కిలోమీటర్లు. 1968లో రైలు ఆగినప్పుడు ఆ నేలను కరెంటు కంపెనీ కొని తీగలు వేసుకుంది. నేల ఒకే చేతిలో ఉండటం వల్లే తర్వాత ప్రాంతీయ పార్కుల సంస్థ దాన్ని విడతల వారీగా కొనగలిగింది. 1988 నాటికి బాట పర్సెల్‌విల్ చేరింది. ఆ దారి బతికింది పర్యాటకం మీద ప్రేమతో కాదు, కరెంటు స్తంభాల పుణ్యాన. బాట, పైపు, తీగ, వాన నీటి కాలవ ఒకే నేల మీద కలిసి ఉండొచ్చు. ముందు నేల ఉండాలి.

ఆ తర్వాత వచ్చేది నిర్వహణ. ప్రారంభోత్సవానికి మంత్రులు వస్తారు, రాలిన ఆకులు ఊడ్చడానికి ఎవరూ రారు. గ్రేట్ అలిగేనీలోని బిగ్ సావేజ్ సొరంగాన్ని మంచు నుంచి కాపాడటానికి ప్రతి చలికాలం మూసి వసంతంలో తెరుస్తారు. ఫ్రాన్సులో 1681 నాటి కెనాల్ దు మిది గట్టు మీద నీడనిచ్చే ప్లేన్ చెట్లకు 2006లో బూజు తెగులు బయటపడింది, వేల చెట్లను నరికి వేరే జాతులు నాటుతున్నారు. బాట ఎంత బాగుందన్నది ఎవరు కట్టారన్న దానికన్నా ఇలాంటి పనులకు ఏటా డబ్బు, మనుషులు ఉన్నారా అన్నదాన్ని బట్టి తేలుతుంది.

ఆసియాలో తైవాన్ ఆ పని శ్రద్ధగా చేస్తోంది. 1924 నాటి పాత చావోలింగ్ రైలు సొరంగం, రెండు కిలోమీటర్లకు పైగా పొడవు, 2008 నుంచి సైకిళ్లకు తెరుచుకుంది. దక్షిణ కొరియాలో ఇంచాన్ నుంచి బూసాన్ దాకా 633 కిలోమీటర్ల నది బాట 2012లో వచ్చింది. దారి పొడవునా బూత్‌లలో ముద్రలు వేయించుకుని చివర ధ్రువపత్రం తీసుకోవడం అక్కడ జనానికి ఓ సరదా. ముద్రల కోసమైనా సైకిలిస్టు ప్రతి ఊరి దగ్గరా ఆగుతాడు.

మన గట్లు, మన వంతెనలు

తెలుగు నేల మీద స్పెయిన్ తరహా పథకం యథాతథంగా కుదరదు. మన రైళ్లు ఆగలేదు. మీటర్ గేజ్, నారో గేజ్ లైన్లు చాలావరకు ఉన్న కట్ట మీదే బ్రాడ్ గేజ్ అయ్యాయి. మనకు మిగిలినవి రెండు రకాలు: దారి మారినప్పుడు వదిలేసిన ముక్కలు, కాలవ గట్లు.

మొదటి రకంలో రాజమహేంద్రవరం పాత గోదావరి వంతెన, అందరూ హేవ్‌లాక్ వంతెన అనేది, ముందు నిలుస్తుంది. ఇంజనీర్ వాల్టన్ ఆధ్వర్యంలో కట్టిన 56 స్పాన్ల ఈ వంతెన 1900లో తెరుచుకుంది. 1997లో చివరి రైలు వెళ్లింది. పాతికేళ్లకు పైగా దాన్ని పర్యాటక వంతెన చేస్తామన్న మాటలే వినిపించాయి. 2025 జూన్‌లో 'అఖండ గోదావరి' ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది. సుమారు రూ.94 కోట్ల ఆ పథకంలో ఈ వంతెన కూడా ఉంది. దాన్ని తినుబండారాల దుకాణాల వరుసగా మాత్రమే చూస్తే అది నది మధ్య ఒక ఎగ్జిబిషన్ అవుతుంది. ఇటు ధవళేశ్వరం, అటు కొవ్వూరు వైపు గట్లతో కలిపి చూస్తే ప్రాంతానికి ద్వారమవుతుంది.

రెండో ముక్క నల్లమలలో ఉంది. గుంతకల్లు–బెజవాడ మీటర్ గేజ్ లైను 1880లలో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవి గుండా బొగద, దొరబావి వంతెన మీదుగా వేశారు. గేజ్ మార్పిడిలో లైను వేరే దారి పట్టడంతో రెండూ వాడకం కోల్పోయాయి. అది పులులు తిరిగే అడవి. అక్కడ సైకిళ్ల గుంపులు వద్దు. అటవీ సిబ్బందితో, పగటిపూట, లెక్కపెట్టి పంపే నడక చాలు. ప్రతి పాత కట్టా గ్రీన్‌వే కావాలన్న నియమమేమీ లేదు.

మన నిజమైన ఆస్తి కాలవలు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నుంచి కాటన్ తీసిన కాలవలు పొలాలకు నీళ్లిచ్చాయి, పడవలూ నడిపాయి. లాకులు అందుకే ఉన్నాయి. ఏలూరు కాలవ గోదావరిని కృష్ణతో కలిపింది. కొమ్మమూరు కాలవ పెదగంజాం దాకా వెళ్లి బకింగ్‌హామ్ కాలవకు అందించింది. 1806లో మద్రాసు దగ్గర మొదలైన ఆ ఉప్పునీటి కాలవ ధాత కరువులో కరువు కూలీల చెమటతో పొడిగి, 1878లో గవర్నర్ పేరు పెట్టుకుంది. కాకినాడ నుంచి తమిళనాడు దాకా ఒకప్పుడు పడవ ఎక్కి దిగకుండా వెళ్లగలిగే నీటి దారి అది. ఆ దారికి చేరువలో ఎన్ని ఊళ్లు, ఎన్ని కథలు! గణపతిదేవుడు విదేశీ వర్తకులకు అభయశాసనం వేయించిన మోటుపల్లి, 1918లో పుట్టిన వేటపాలెం సారస్వత నికేతనం, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నడిపిన చీరాల–పేరాల ఉద్యమం, చినగంజాం ఉప్పు కొటారులు, దక్షిణాన పులికాట్ రాజహంసలు. ఏ రోడ్డూ వీటిని ఒక వరుసలో చూపించదు. గట్టు చూపించగలదు.

ఆ గట్టు పోవడం ఎలా ఉంటుందో చెన్నైలో చూడొచ్చు. అక్కడ బకింగ్‌హామ్ కాలవలోనే ఎం.ఆర్.టి.ఎస్. రైలు స్తంభాలు దిగాయి. నగరం మధ్యలో నీటి దారి మళ్లీ కలపలేని ముక్కలైంది.

హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరులో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ మన దగ్గర ఈ దిశలో వచ్చిన పెద్ద ప్రయత్నం. నీడ అవసరాన్ని అది సరిగ్గా గుర్తించింది. మన ఎండల్లో నీడ లేని బాట అయిదు నెలలు మూత పడినట్టే. పైగా ఆ కప్పు కరెంటు కూడా ఇస్తుంది. కానీ అది వ్యాయామానికి ట్రాక్. దాని వెంట ఊరు లేదు, చరిత్ర లేదు, రాత్రి ఆగే కారణం లేదు. రెండూ అవసరమే. ఒకదాని లెక్కలతో రెండోదాన్ని తూచకూడదు.

ఐరోపా అనుభవంలో లేని ఒక సంగతి మనకుంది. అక్కడ బాట ఖాళీగా ఉన్న నేల మీద వచ్చింది. ఇక్కడ కాలవ గట్టు ఖాళీగా లేదు. దాని మీద వడ్లు ఎండబెడతారు, గేదెలు తోలుతారు, వలలు ఆరేస్తారు, ఇల్లు లేనివాళ్లు గుడిసెలు వేసుకున్నారు. సైకిళ్లున్న ఆడపిల్లలు బడికి వెళ్లడానికి ఇలాంటి దారులే వాడుకుంటారు. గుడిసెలు పీకి నగరవాసులకు విహారబాట వేస్తే అది మొదటి ఏడాదే తగవుల బాట అవుతుంది. గట్టున ఉన్నవాళ్లకే టిఫిన్ బండి, సైకిల్ రిపేరు కొట్టు, బస గది పెట్టుకునే మొదటి హక్కు ఇవ్వాలి. స్కూలుకు వెళ్లే పిల్ల భయం లేకుండా తొక్కగలిగితే అదే పర్యాటకుడికీ చాలు. పర్యాటకుడి కోసమే వేసిన బాట సీజన్ అయ్యాక ఎవరికీ పనికిరాదు.

ముందు చేయాల్సింది

ఒటాగో చెప్పేది పొడవు, బస. స్పెయిన్ చెప్పేది ఒకే సంస్థ, ఒకే గుర్తు. పిట్స్‌బర్గ్ చెప్పేది ఊరి సన్నద్ధత. మేయో చెప్పేది ఓర్పు, అంకెల పట్ల జాగ్రత్త. వర్జీనియా చెప్పేది నేల. ఇవన్నీ ఒక వరుసలో పెడితే నేల మొదట వస్తుంది, తారు చివర వస్తుంది. మన ప్రాజెక్టులు సాధారణంగా తారుతో మొదలై నేల దగ్గర కోర్టులో ఆగుతాయి.

అందుకే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు ఇప్పుడు చేయగలిగిన చవకైన పని ఒకటుంది. రైల్వే, జలవనరుల శాఖ, రెవెన్యూ కలిసి జిల్లాలవారీగా వాడకం లేని కట్టలు, వంతెనలు, పడవలు మానేసిన కాలవ గట్లు, లాకుల పట్టిక తయారుచేయాలి. సరిహద్దు రాళ్లు పాతాలి. వాటిని ముక్కలుగా అమ్మడం, కేటాయించడం చెల్లదని చట్టం చేయాలి. రైలుకో, నీటికో రేపు అవసరమైతే తిరిగి తీసుకునే వీలూ అందులోనే ఉండాలి. ఆ తర్వాత ధవళేశ్వరం కింద యాభై అరవై కిలోమీటర్ల గట్టు ఒకటి ఎంచుకుని, రెండు రాత్రుల బసతో, ఏటా నిర్వహణ నిధితో ప్రయత్నించి చూడవచ్చు. బాట పదేళ్లు ఆలస్యమైనా నష్టం లేదు. ఈలోగా చేయి దాటిన గట్టును తిరిగి కొనగలిగే బడ్జెట్ ఏ పర్యాటక శాఖకూ ఎప్పటికీ రాదు.